పాత క్యారవాన్‌కి టైర్లు: వైజాగ్‌లో తక్కువలో కొనాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

పాత మినీబస్సో, టెంపో ట్రావెలరో కొని, సీట్లు పీకించి, రెండు పడకలు, ఒక గ్యాస్ పొయ్యి, ఒక నీళ్ల ట్యాంకు పెట్టించుకుని అరకు, లంబసింగి, మారేడుమిల్లి తిరిగే మనలాంటి వాళ్లకి ఇంజన్ కంటే ముందు టెన్షన్ పెట్టేది టైర్లే. నాది టాటా 407 ఛాసిస్ మీద కట్టిన పాత మినీబస్సు, వెనక జంట చక్రాలు, అంటే ఆరు టైర్లు, స్టెప్నీతో కలిపి ఏడు. ఏడూ ఒకేసారి కొత్తవి వేయాలంటే జేబుకి చిల్లే. అలాగని చవగ్గా దొరికినవి వేస్తే ఏమవుతుందో నాకు అరకు దారిలో ఎస్.కోట దాటాక తెలిసింది.

ఆ రోజు జరిగింది ఇదీ. వెనక చక్రాలకి ఒక సెకండ్ హ్యాండ్ జత కొన్నాను, నల్లగా నిగనిగలాడుతున్నాయి, బటన్, అంటే రోడ్డుకి ఆనే గాడుల రబ్బరు, బాగా లోతుగా ఉంది. "ఏటీ అవ్వదు సార్, ఇంకా మూడేళ్లు కళ్లు మూసుకుని తిరగొచ్చు" అన్నాడు అమ్మినాయన. తేదీ చూడాలన్న ఆలోచనే రాలేదు నాకు. ఘాట్ ఇంకా మొదలవ్వకముందే, మధ్యాహ్నం ఎండలో, ఒకటి ఢామ్మని పేలింది. జంట చక్రాలు కాబట్టి పక్కది ఆపింది, లేకపోతే ఇప్పుడు ఇది రాసేవాణ్ని కాదు. తర్వాత జాకీ వేసి విప్పి చూస్తే తయారై ఎనిమిదేళ్లు దాటిన టైరు, పక్కగోడ నిండా సన్నటి పగుళ్లు, పైన నల్ల పాలిష్.

లారీ వాళ్లకీ మనకీ తేడా అక్కడే ఉంది. వాళ్ల టైరు అరిగి చస్తుంది, మనది నిలబడి చస్తుంది. లారీ వాడు కిలోమీటరుకి ఎంత పడిందో చూసుకుంటాడు, అది వాడికి సరైన లెక్కే. మన బండి ఏడాదికి నాలుగైదు వేల కిలోమీటర్లు తిరిగితే ఎక్కువ, మిగతా రోజులన్నీ ఇంటి ముందో, అపార్ట్‌మెంట్ సెల్లార్ పక్కనో నిలబడే ఉంటుంది. బటన్ సగం కూడా అరగదు, రబ్బరు మాత్రం ఎండకీ గాలికీ ముసలిదైపోతుంది. అందుకని మనం చూడాల్సింది ఏడాదికి ఎంత పడుతోందని. ఈ ఒక్క మాట పట్టుకుంటే కింద చెప్పేవన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

ముందు షాపుకి వెళ్లకండి, టైరు చదవండి

ఒక ఆదివారం పొద్దున్న సుద్దముక్క, టార్చ్, ఫోన్ పట్టుకుని బండి చుట్టూ తిరగండి. ఒక్కో టైరు పక్కగోడ మీద ఉన్నవన్నీ ఫోటో తీసుకోండి. కావాల్సినవి నాలుగే.

మొదటిది సైజు. పాత బండ్లకి 7.50-16 లాగా ఉంటుంది, కొత్త రకం వ్యాన్లకి 215/75 ఆర్ 15 లాగా. మధ్యలో గీత ఉంటే మన వాళ్లు నైలాన్ టైరు అంటారు, ఆర్ అని ఉంటే రేడియల్. ఈ రెండూ ఒకే యాక్సిల్ (ఇరుసు) మీద కలపకూడదు. స్టీరింగ్ లాగుతుంది, బ్రేక్ కొట్టినప్పుడు బండి ఒక పక్కకి వెళ్తుంది.

రెండోది బరువు అంకె. ఉదాహరణకి 122/118 ఎల్ అని ఉందనుకోండి. 122 అంటే ఆ టైరు ఒంటిగా ఉంటే 1500 కిలోలు మోస్తుంది, 118 అంటే జంటలో ఉంటే 1320 కిలోలు, ఎల్ అంటే గంటకి 120 కిలోమీటర్ల వేగం దాకా. జంటలో ఎందుకు తగ్గుతుందంటే రోడ్డు ఎప్పుడూ చదునుగా ఉండదు కాబట్టి, ఒక్కోసారి ఒక్క టైరు మీదే భారమంతా పడుతుంది. పక్కనే 16 పిఆర్, 14 పిఆర్ అని ప్లై రేటింగ్, అంటే టైరు కట్టు ఎంత బలమో చెప్పే అంకె, కూడా ఉంటుంది. షాపులో అందరూ దాంతోనే మాట్లాడతారు, మీరు మాత్రం బరువు అంకె కూడా అడగండి.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, తేదీ. కోడిగుడ్డు ఆకారంలో చిన్న గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. తరచూ ఇది ఒక పక్కనే ఉంటుంది, మీ ఖర్మకొద్దీ అది లోపలి వైపు ఉంటే బండి కిందకి దూరాలి, లేదా ఫోన్ లోపలికి పెట్టి వీడియో తీయాలి. బట్టలు మాసినా సరే, ఇది మాత్రం వదలొద్దు.

నాలుగోది ఐఎస్ఐ గుర్తు. మన దేశంలో అమ్మే వాహనాల టైర్లకి ఇది తప్పనిసరి. లేకపోతే ఆ టైరు ఎక్కడిదో, ఎలా వచ్చిందో అని అనుమానించాల్సిందే.

ఇప్పుడు సుద్దముక్కతో ఒక్కో టైరు మీద తయారైన ఏడాది రాయండి. అయిదేళ్లు దాటినవాటిని ఏడాదికోసారి విప్పి లోపలా బయటా చూపించాలి. నేనైతే ముందు చక్రాల్లో ఆరేళ్ల తర్వాత ఉంచను, వెనక ఏడుకి మించి ఉంచను. బటన్ ఎంత ఉన్నా సరే, పదేళ్లు దాటిన టైరు గురించి ఆలోచించాల్సింది కూడా లేదు, తీసేయడమే. పక్కగోడ మీద, బటన్ గాడుల అడుగున సన్నటి పగుళ్లు ఉన్నాయేమో గోరుతో గీకి చూడండి. గోరు పట్టేంత లోతుంటే తేదీతో పనిలేదు, మార్చేయండి. ఇక అరుగుదల సంగతి, గాడుల్లో అడ్డంగా చిన్న దిమ్మెలు ఉంటాయి, బటన్ ఆ మట్టానికి వచ్చిందంటే 1.6 మిల్లీమీటర్లే మిగిలిందని అర్థం, చట్టం ఒప్పుకునే ఆఖరి హద్దు అదే. మన బండ్లు అక్కడిదాకా వెళ్లవనుకోండి.

బండిని కాటా ఎక్కించండి

చాలామంది వదిలేసేది ఇదే. సీట్లు తీసేశాం కదా, బండి తేలికైపోయిందనుకుంటాం. 200 లీటర్ల నీళ్లంటేనే 200 కిలోలు. బ్యాటరీలు, ప్లైవుడ్, ఫ్రిజ్, పరుపులు, అత్తగారు ఇచ్చిన ఆవకాయ జాడీ, అన్నీ కలిపితే పాత సీట్ల బరువుని ఎప్పుడో దాటిపోతాయి. టూర్‌కి వెళ్లేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ట్యాంకు నింపి, మనుషుల్ని ఎక్కించి, గాజువాక వైపు ఏదో ఒక లారీ కాటాకి తీసుకెళ్లండి. ముందు మొత్తం బండి, తర్వాత ముందు చక్రాలు మాత్రమే కాటా మీద పెట్టి ఇంకోసారి. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే వెనక యాక్సిల్ బరువు వస్తుంది. అయ్యే ఖర్చు ఒక బిర్యానీ అంత కూడా ఉండదు.

లెక్క ఇలా వేయండి. ముందు 1900 కిలోలు వచ్చిందనుకుందాం, రెండు టైర్లు, ఒక్కోదానికి 950. వెనక 3200 వస్తే నాలుగు టైర్లకి 800 చొప్పున. కానీ కిచెన్, నీళ్ల ట్యాంకు రెండూ ఒకే పక్క పెట్టించుకుని ఉంటే ఆ పక్కన ఎక్కువ పడుతుంది, అందుకని అయిదో వంతు కలుపుకోండి. ముందు 950కి 1140 అవుతుంది. అంటే 116, అంటే 1250 కిలోలు మోసే అంకె ఉన్నా లెక్క ప్రకారం సరిపోతుంది. అయినా కంపెనీ ఆ బండికి చెప్పిన అంకె కంటే తక్కువది మాత్రం వేయొద్దు. ఈ లెక్క పనికొచ్చేది రెండింటికి. గాలి ఎంత కొట్టాలో తెలుస్తుంది, షాపువాడు ఇంకా పెద్దది అంటగట్టబోతే వద్దని ధైర్యంగా చెప్పగలుగుతారు.

ఏడాదికెంత

ఇప్పుడు డబ్బుల దగ్గరికొద్దాం. అంకెలు ఉదాహరణకే, మీ సైజుకి మీరు వేసుకోండి. తాజా తేదీ ఉన్న కొత్త టైరు 12,000 అనుకుందాం. ఆరేళ్లు వాడతారు, ఏడాదికి 2000. షాపులో మూడేళ్లుగా గోడకి ఆనించి ఉన్న "కొత్త" టైరు డిస్కౌంట్‌లో 9,000కి ఇస్తానన్నాడు. మీకు మిగిలేది మూడేళ్లే, ఏడాదికి 3000. అయిదేళ్ల సెకండ్ హ్యాండ్ టైరు 4,000, మిగిలేది ఒక్క ఏడాది, అంటే ఏడాదికి నాలుగు వేలు. చవకది అనుకున్నదే అన్నిటికంటే ఖరీదైపోయింది చూశారా. అదే పాత స్టాకు టైరుని ఒక లారీ వాడు కొంటే ఏడాదిన్నరలో అరగదీసి పారేస్తాడు, వాడికి మూడు వేలు మిగిలినట్టే. షాపువాడు మనల్ని మోసం చేస్తున్నాడని కాదు, వాడి దగ్గరికొచ్చే వాళ్లలో ఎక్కువమంది లెక్క వేరు, అంతే.

పాత స్టాకు మొత్తానికే వద్దా అంటే, ఏడాది లోపు తేదీ ఉండి ధర నిజంగా తగ్గితే తీసుకోండి. అంతకు మించితే బేరానికి వాడుకోండి తప్ప టైరుని తీసుకోకండి.

ఇంకొకటి, ఎవరైనా పాత కొటేషన్ చూపించి ఇదే రేటంటే నమ్మకండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. పన్ను లేకుండా పది వేలున్న టైరు అంతకుముందు 12,800 పడేది, ఇప్పుడు 11,800. ఆరు టైర్లకి ఆరు వేలు తేడా, చిన్న మొత్తమేం కాదు.

వైజాగ్‌లో ఎక్కడ, ఎలా అడగాలి

సిటీ లోపల మెరిసే కార్ల టైర్ల షోరూములకి ముందు వెళ్లకండి. మన సైజు వాళ్ల దగ్గర ఉండదు, ఉన్నా ఒకటో రెండో ఏళ్లకేళ్లు మూలన పడి ఉంటాయి. మన సైజులు తిరిగేది లారీలు, స్కూల్ బస్సులు, పార్శిల్ వ్యాన్లు ఉండే చోట, అంటే గాజువాక, ఆటోనగర్, ఎన్‌ఏడి నుంచి షీలానగర్ మీదుగా హైవే వారగా ఉన్న షాపులు. అనకాపల్లి వైపు ఉండేవాళ్లు అక్కడా చూడొచ్చు. ఎక్కువ అమ్మే షాపులోనే తాజా తేదీలు ఉంటాయి.

నేను కనిపెట్టిన చిన్న కిటుకు ఒకటి ఉంది. మీ బండి సైజు టైర్లే వాడే స్కూల్ బస్సు ఓనర్నో, పార్శిల్ వ్యాన్ డ్రైవర్నో పట్టుకుని ఎక్కడ కొంటారో అడగండి. వాళ్లు ఏడాదికి పదుల సంఖ్యలో కొంటారు, వాళ్ల పేరు చెప్పి వెళ్తే రేటు వేరుగా ఉంటుంది. నేను మా వీధిలోని స్కూల్ వ్యాన్ ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లాను, నాకు టీ ఖర్చు తప్ప ఏమీ కాలేదు, టైరుకి కొన్ని వందలు తగ్గింది. ఆయన మూడు మాటల్లో తేల్చిన బేరం నేను అరగంట చేసినా తెగేది కాదు.

ఫోన్ చేసి "టైరెంత" అని అడగొద్దు. ఇలా అడగండి: "7.50-16, 16 పిఆర్, రిబ్ రెండు కావాలి, తేదీ ఎప్పటిది, ట్యూబు, ఫ్లాప్, ఫిట్టింగ్, బిల్లు అన్నీ కలిపి ఎంత, పాతవి తీసుకుంటే ఎంత తగ్గిస్తారు?" రిబ్ అంటే పొడుగ్గా గాడులున్నది, ముందు చక్రాలకి. లగ్ అంటే అడ్డంగా పెద్ద బటన్లున్నది, వెనక వేస్తారు. ఫ్లాప్ అంటే ట్యూబుకీ రిమ్ముకీ మధ్య వేసే రబ్బరు పట్టీ. మనకైతే హైవే తిరుగుడే ఎక్కువ కాబట్టి ఆరూ రిబ్ వేసినా నష్టం లేదు, బండి నడిచేటప్పుడు వెనక పడుకున్నవాళ్లకి చప్పుడు కూడా తగ్గుతుంది. ట్యూబు, ఫ్లాపు పాతవే సరిపోతాయంటే ఒప్పుకోకండి. కొత్త టైరులో సాగిపోయిన ట్యూబు మడత పడుతుంది, మడత దగ్గరే పోతుంది. మూడు షాపుల్లో ఇదే ప్రశ్న అడిగి కాగితం మీద రాసుకుంటే చాలు, అయిదో ఆరో షాపు దాకా వెళ్లక్కర్లేదు.

అన్నట్టు, అచ్యుతాపురంలో యోకోహామా వాళ్ల టైర్ల ఫ్యాక్టరీ 2022లో మొదలైంది కదా, అక్కణ్నుంచి డైరెక్టుగా తక్కువకి వస్తాయేమో అని నన్ను ఇద్దరు ముగ్గురు అడిగారు. అక్కడ ముఖ్యంగా చేసేవి పొలాల్లో, గనుల్లో, కన్‌స్ట్రక్షన్ పనుల్లో తిరిగే యంత్రాలకి. మనకి పనికిరావు.

పెద్ద ఉచ్చు ఇక్కడ ఉంది, జాగ్రత్త. 6.00-16, 7.50-16 సైజుల్లో ట్రాక్టర్ ముందు టైర్లు కూడా ఉంటాయి. సైజు అదే, రిమ్ముకి ఎక్కుతుంది కూడా, ధర తక్కువ. పాత జీపుల వాళ్లు కొందరు వేసేస్తుంటారు. దాని మీద వేగం గుర్తు చూడండి, ఏ6 అనో ఏ8 అనో ఉంటుంది. ఏ6 అంటే గంటకి 30 కిలోమీటర్లు, ఏ8 అంటే 40. దాంతో హైవే మీద డెబ్భైలో వెళ్తే టైరు లోపల వేడెక్కి ఊడిపోతుంది. ఎవరైనా "ఈ సైజు మరీ చవగ్గా ఉంది" అంటే ముందు ఆ అక్షరం చూడండి.

అలాగే యూట్యూబ్‌లో అమెరికా వీడియోలు చూసి వెనక లాగే ట్రైలర్‌కి ఎస్‌టి టైర్లు కావాలని అడక్కండి. అక్కడ ట్రైలర్లకి విడిగా ఆ రకం ఉంది, మన కొట్లలో ఆ పేరు చెప్తే బిక్కమొహం వేస్తారు. చిన్న ట్రైలర్ కట్టించుకున్న వాళ్లు బరువు కాటా వేయించి, దానికి సరిపడా ఎల్‌టి, అంటే లైట్ ట్రక్ టైరు తీసుకోండి. కారు టైరు వద్దు.

రీట్రేడింగ్, సెకండ్ హ్యాండ్

రీట్రేడ్ అంటే అరిగిన టైరు మీద కొత్త బటన్ వేయించడం, కొత్తదానిలో సుమారు మూడో వంతుకి అయిపోతుంది. లారీ వాళ్లు బాగా వాడతారు, మంచి పని. కానీ పైన బటన్ కొత్తదైనా లోపలి కేసింగ్, అంటే టైరు అసలు కట్టు, పాతదే కదా. మన టైర్లలో ముందు చచ్చేది కేసింగే, బటన్ కాదు. కాబట్టి మన పాత టైరుని రీట్రేడ్ చేయించడం ముసలాయనకి కొత్త బూట్లు తొడిగినట్టే. చేయించాల్సిన పరిస్థితే వస్తే నాలుగేళ్ల లోపు కేసింగ్‌కి, వెనక జంటలో మాత్రమే, కోల్డ్ ప్రాసెస్‌లో, అంటే ముందే తయారైన బటన్ పట్టీని తక్కువ వేడిలో అతికించే పద్ధతిలో. ముందు చక్రాలకి ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

సెకండ్ హ్యాండ్‌లో ఒక్క రకం మాత్రం నేను ఒప్పుకుంటాను. కొత్త బండి కొన్న వెంటనే వేరే రకం టైర్లు వేయించుకుని కంపెనీ టైర్లు తీసేసేవాళ్లు ఉంటారు, అలా వచ్చినవి. తేదీ ఆర్నెల్లో ఏడాదో ఉండాలి, బటన్ మీద రబ్బరు వెంట్రుకలు ఇంకా కనిపించాలి. మిగతావి చూసేటప్పుడు టైరు వెడల్పు చేసి లోపల టార్చ్ వేయించండి, ప్యాచ్ ఉందా, దారాలు కనిపిస్తున్నాయా, ఎక్కడైనా ఉబ్బిందా. పాలిష్ వేసి ఉంటే తడి గుడ్డతో గట్టిగా తుడవండి, పగుళ్లు బయటపడతాయి. తుడవనివ్వకపోతే అక్కణ్నుంచి వచ్చేయండి.

అన్నీ ఒకేసారి కొనలేకపోతే

ముందు రెండు కొత్తవి కొనండి, అవి ముందు చక్రాలకి. ముందు నుంచి తీసిన వాటిలో తేదీ బాగున్నవి వెనక్కి. వచ్చే ఏడాది ఇంకో రెండు. జంటలో రెండు టైర్ల ఎత్తు సమానంగా ఉండాలి, కొత్తదీ అరిగినదీ పక్కపక్కన పెడితే కొత్తది ఎత్తుగా ఉండి భారమంతా అదే మోసి త్వరగా పోతుంది. నాలుగు చక్రాల మీద అడ్డంగా వంకర లేని చెక్క బద్ద ఆనించి చూస్తే తేడా కంటికే తెలుస్తుంది.

బిగించేటప్పుడు పక్కనే నిలబడండి, కానీ మరీ దగ్గరగా కాదు. పాత 16 అంగుళాల రిమ్ములకి లాక్ రింగ్, అంటే టైరుని రిమ్ము మీద పట్టి ఉంచే ఇనప రింగు, ఉంటే గాలి కొట్టేటప్పుడు అది సరిగ్గా కూర్చోకపోతే ఎగిరి మనిషి ప్రాణం తీస్తుంది. తుప్పు పట్టిన రింగు, వంగిన రింగు మార్చమనండి. మన ఊరి ఉప్పుగాలికి బీచ్ రోడ్డు వైపు ఆగే బండ్ల రిమ్ములు త్వరగా తుప్పు పడతాయి కాబట్టి గీకించి రంగు వేయించాకే టైరు ఎక్కించమనండి. వెనక లోపలి చక్రానికి వాల్వ్ ఎక్స్‌టెన్షన్ పెట్టించుకోండి, లేకపోతే దానికి గాలి చూసే ఓపిక మీకెప్పుడూ ఉండదు, నాకూ లేదు. యాభై వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ బిగించాలి, అలైన్‌మెంట్ కూడా అప్పుడే. గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూడండి. కాటా బరువుకి తగ్గట్టు కంపెనీ పట్టికలో ఎంతుందో అంతే కొట్టండి, పక్కగోడ మీద రాసిన గరిష్ఠం అంత కాదు. నైట్రోజన్‌కి డబ్బులు పెట్టక్కర్లేదు.

బిల్లు మీద టైరు నంబర్లు రాయించుకోండి. వారంటీకి అదే ఆధారం.

బండి నిలబడే రోజుల్లో టైర్లకి ఎండ తగలకుండా పాత గోనెపట్టాలు కప్పండి, నెలకోసారి కాస్త ముందుకీ వెనక్కీ కదపండి. ఒకే చోట నిలబడితే అడుగు చదునైపోతుంది. స్టెప్నీని కూడా మర్చిపోవద్దు. నాది ఛాసిస్ కింద వేలాడుతూ, ఏనాడూ నేల తాకకుండానే పదకొండేళ్లదైపోయింది, అవసరానికి దించితే గాలి కొట్టగానే పక్కగోడ ఉబ్బింది.

తీసేసిన పాత టైర్లు పెరట్లో పడేస్తే వాన నీళ్లు నిలిచి దోమలు. షాపుకే ఇచ్చేయండి. కానీ కాలం చెల్లినవైతే ఇచ్చేముందు పక్కగోడకి కత్తితో పెద్ద గాటు పెట్టండి, మీ ముందే పెట్టించండి. లేకపోతే వారం తిరక్కుండా దానికి నల్ల పాలిష్ వేసి, నాలాంటి వాడు ఇంకొకడు వస్తే "ఏటీ అవ్వదు సార్" అని అదే టైరుని చేతిలో పెడతారు.